ఖాళీకి రేటు లేదు

బరంపురంలో నేను రాసిన కొలతల పుస్తకం
మూడో నంబరుది, అట్ట చిరిగింది.
లోపల నా చేతి ఇంగ్లీషు అంకెలు,
పక్కన పాఢి సారు ఒడియా సంతకం,
వెనకట్ట మీద, ఎవరూ తిప్పి చూడని చోట
తెలుగులో కూలీల బాకీలు.

నూలువీధి మలుపు నుంచి బస్టాండు దాకా
నాలుగువందల పన్నెండు మీటర్ల డివైడరు.
ఎస్టిమేటు ముప్పై ఎనిమిది లక్షలు,
మంజూరైంది ముప్పై ఒకటి.
ఆ ఏడు లక్షలు ఎక్కడ తగ్గాలా అని
ఒక మధ్యాహ్నమంతా వెతికాం.
సిమెంటులో కుదరదు, ఇనుములో కుదరదు,
శిలాఫలకం సంగతి అసలెత్తకూడదు.
చివరికి పాఢి సారు పెన్ను
మనుషులు దాటే చోట్ల దగ్గర ఆగింది.
చోటంటే ర్యాంపు, రెయిలింగు, ఒక దీపం.
ఐదుండేవి. రెండు మిగిలాయి:
ఒకటి పెట్రోలు బంకు ఎదురుగా,
ఇంకోటి మాజీ కౌన్సిలరు గారి కల్యాణమండపం ఎదురుగా.

టెండరు లోకనాథం గారికి పడింది,
పద్దెనిమిది శాతం తక్కువకి.
"తక్కువకేసినోడికి పనొస్తాది,
ఎక్కువకేసినోడికి నిద్రొస్తాది" అనేవాడు,
నిద్ర లేని మొహంతో.
ధరావతు సొమ్ము తోడల్లుడి దగ్గర తెచ్చిన అప్పు,
నిధి మార్చి ముప్పై ఒకటి దాటితే మురిగిపోతుంది.
ఆ రెంటి నడుమ మేం అచ్చులు బిగించాం.

రాత్రి పదకొండు దాటాకే కాంక్రీటు.
లారీలు మా మోచేతులు రాసుకుంటూ పోయేవి.
దాలమ్మ వచ్చింది తెలతెలవారుతుండగా
అద్దకం చేతులతో, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు,
నెత్తిన తడి పట్టు చిలపలు.
అద్దకపు కొట్టు ఇటు, మగ్గాలు అటు.
నలభై ఏళ్లుగా అక్కడే దాటుతోందట.
"ఏటి బాబూ, గోడా?"
"గోడ కాదమ్మా, మీ కోసమే. బళ్లు గుద్దకుండా."
"మరి నానెటెల్లాల?"
దూరంగా బంకు చూపించాను.
బంకుకేసి చూసింది. మెడ మీదికి కారుతున్న రంగు తుడుచుకుంది.
ఇంకేం అనలేదు. చీర ఎగ్గట్టి
చువ్వల మీంచి కాలేసింది.
ఒక కాలు ఇటు, ఒక కాలు అటు,
రాయగడ బస్సు హారను మోగించుకుంటూ పోయేదాకా
అలాగే ఉండిపోయింది.

పడలేదు.
పడుంటే ఫైలు కదిలేది.

పాఢి సారుకి ఫోను చేశాను.
డ్రాయింగులో లేదన్నాడు. చెడ్డవాడు కాదు,
ఖాళీకి రేటేదో చూపించు, రాస్తానన్నాడు.
రేట్ల పుస్తకం తిరగేశాను.
తవ్వితే ఉంది, పూడిస్తే ఉంది,
కట్టింది పగలగొట్టినా ఘనపు మీటరుకి ఇంతని ఉంది.
కట్టకుండా వదిలేస్తే లేదు.

లోకనాథం గారు బీడీ ఆర్పి నోటితోనే లెక్కేశాడు:
"మీటరున్నర. మనకి పోయేది తొమ్మిది వేల చిల్లర."
"మా యమ్మా చిలపలే మోసింది" లాంటి మాటలేవీ
ఆయన అనలేదు. అనే మనిషి కాదు.
తోడల్లుడికి ఫోను చేసి ఇంకో వారం గడువడిగాడు.
తర్వాత మేస్త్రీ వైపు తిరిగి
"అచ్చిప్పండెహె" అన్నాడు.

మోటారుసైకిళ్లు దూరకుండా
నడుమ ఒక ఇనుప గొట్టం పాతాం.
దీపం లేదు, ర్యాంపు లేదు,
ఒక మనిషి నడిరోడ్డున నిలబడి
రెండో వైపు చూసుకునేంత జాగా.

ఆడిట్ వాళ్లు టేపు పట్టారు.
"మీటరున్నర ఏదీ?"
నా పుస్తకంలో ముందే తీసేసి ఉంది.
కారణం అన్న గడిలో 'స్థలావసరం' అని రాశాను.
"స్థలానికి అవసరమేంటయ్యా?" అన్నాడు ఆడిటరు,
కింద ఎర్ర సిరాతో ఒక గీత గీశాడు.
ఆ గీత విలువ మా సెక్యూరిటీ డిపాజిటు.

డబ్బయిపోయి ఆ గొట్టానికి రంగెయ్యలేదు మేం.
మొన్న బస్సులోంచి చూశాను:
నడుమెత్తున ఎరుపు, దాని మీద పసుపు,
పట్టుకుని నిలబడే చేతులు వేసిన పూత,
వానకి కొంచెం కారింది కూడా.
లోకనాథం గారికి చెబితే విని, "సర్లే" అన్నాడు,
"డిపాజిటు సంగతేమన్నా తెలిసిందా?"